ఢోలక్ సంచి అక్కడే ఉంది

శుక్రవారం మధ్యాహ్నం బిర్యానీ తిన్న మనిషి దగ్గరికి కేసు రాకూడదు. ఇది తిరుమల్ ఏనాడో తేల్చేసిన సిద్ధాంతం. కేసులకు ఆ సంగతి తెలియదు కదా! అస్ర్ నమాజు వేళ దాటి ఎండ పలచబడుతుండగా అబూ హమూర్‌లోని ఆ చిన్న ఆఫీసు తలుపును ఎవరో దబదబా బాదారు. కుర్చీలో కునుకు తీస్తున్న తిరుమల్ లేచి, ముఖం తుడుచుకుని, పొద్దుటి నుంచీ ఫైళ్ళే చూస్తున్న మనిషిలా తలుపు తీశాడు.

ఆ తలుపు మీద రెహానా కన్సల్టెన్సీ అని ఇంగ్లీషులోనూ అరబిక్‌లోనూ రాసి ఉంటుంది. ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున కాలిపోయిన గోదాములూ, మాయమైన సరుకులూ చూసి నిజం తేల్చడం ఆమె వృత్తి. దోహాలోని తెలుగువాళ్ళు మాత్రం ఆమెను డిటెక్టివ్ రెహానా అనే అంటారు. బోధన్‌లో పుట్టి, హైదరాబాద్‌లో ఒక డిటెక్టివ్ ఏజెన్సీలో పని నేర్చి, పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చిన మనిషి. నలభై దాటాయి. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆ చూపుకి మొట్టమొదటి అభిమాని ఆర్మూరు తిరుమల్. ఆమెకు డ్రైవరూ, గుమాస్తా, అసిస్టెంటూ అన్నీ అతనే.

వచ్చినావిడ పేరు ఫర్హా. నిర్మల్ మనిషి. బురఖా అంచు చేతిలో నలిపేస్తోంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆపా, మా ఆయన్ని దొంగ అంటున్నరు."

"ఎవరు అంటున్నరు? ఏం పోయిందని?"

"అల్ తుమామాల ఇయ్యాల కచేరీ ఉన్నది గద, అక్కడ. మా ఆయన రయీస్ వాయిద్యాల వ్యాన్ నడుపుతడు. ఒక ముసలమ్మ ఢోలక్ కనబడుతలేదు. కాపలా నువ్వే ఉన్నవు, నువ్వే మాయం చేసినవని ఆడ ఏర్పాట్లు చూసే ముఖీత్ సాబ్ కుర్చీల కూసోబెట్టిండు. పొద్దుగూకి మగ్రిబ్ నమాజ్ కాంగనే గేట్లు తెరుస్తరట. అంతలోపల దొరకకపోతే పోలీసులను పిలుస్తడట." ఆమె బురఖా అంచు వదిలి బల్ల అంచు పట్టుకుంది. "కేసైతే డ్యూటీ పోతది, వీసా పోతది. ఆయన వీసా మీదనే నేనూ మా బిడ్డా ఉన్నం. దానికి పదో తరగతి పరీక్షలు దగ్గరకొచ్చినయి. దొంగ అన్న పేరు మోసుకొని ఊరికెట్ల పోతం ఆపా?"

రెహానా ఆమెనే సూటిగా చూస్తూ అడిగింది. "తీసిండా మరి?"

ఫర్హా కళ్ళల్లో నీళ్ళు అక్కడే ఆగిపోయాయి. కోపం వచ్చింది. "మసీదు కాడ ఎవరి చెప్పులన్నా కాలికి తగిలితే సర్ది పెట్టి వచ్చే మనిషి ఆపా మా ఆయన!"

"సరే. యల్లా తిరుమల్, బండి తియ్యి," అంది రెహానా. కోపం రావాల్సిన చోట కోపం వచ్చింది, ఆమెకు అది చాలు.

దోహాలో రాక్ సంగీతం ఎక్కడుందో తెలియాలంటే హోటళ్ళకు వెళ్ళి లాభం లేదు. అక్కడ పాడేవాళ్ళు అతిథులు అడిగిన పాట అడిగినట్టు పాడతారు, అది ఉద్యోగం. అసలు బ్యాండ్లు విల్లాల వెనక గదుల్లో ఉంటాయి. గోడలకు పాత పరుపులు ఆనించుకుని, పక్కింటివాళ్ళు వచ్చి తలుపు కొట్టేదాకా వాయించుకుంటాయి. అకౌంటెంట్లు, నర్సులు, ఇక్కడే పుట్టి పెరిగి 'మీదేవూరు' అంటే తడుముకునే పిల్లలు. ఒకరి దగ్గర డ్రమ్స్ ఉంటే ఇంకొకరి దగ్గర స్పీకరు ఉంటుంది, అన్నీ చేబదులే. అలాంటి బ్యాండ్లన్నీ ఒకే వేదిక ఎక్కడం ఇదే మొదటిసారి. కట్టడాల మీంచి పడి, నడుం విరిగి ఊళ్ళకు వెళ్ళిపోయిన కూలీలకు చక్రాల కుర్చీలు కొనివ్వడానికి, లైసెన్సున్న ఒక ధార్మిక సంస్థ పెట్టిన కచేరీ అది. అందుకే కూలీలుండే క్యాంపుల నుంచి కూడా బస్సులు వస్తున్నాయి.

ఇదంతా దారిలో తిరుమల్ చెప్పాడు. వెనక సీట్లో ఫర్హా తస్బీ పూసలు తిప్పుకుంటోంది. రెహానా విందో లేదో తెలియదు. రోడ్డు మీద అక్కడక్కడా నిలిచిన తడినే చూస్తోంది.

"రాత్రి వాన పడ్డదా?"

"నాలుగు చినుకులు మేడం. పొద్దున పొగమంచు కూడా బాగనే ఉండె. బట్టలు ఇంకా ఆరలే."

మైదానం దగ్గర దిగగానే వేడివేడి రొట్టెల వాసన గుప్పుమంది. రోడ్డుకు అవతల ఒక కిరాణా కొట్టు, లాండ్రీ, తందూరు బట్టీ ఉన్న రొట్టెల దుకాణం. తిన్న బిర్యానీ సంగతి మరిచిపోయి తిరుమల్ అటే చూశాడు. ఇవతల మైదానంలో ఇనుప గొట్టాలతో కట్టిన ఎత్తైన స్టేజీ, నల్ల పరదాలు, ఇంటి గోడంత స్పీకర్లు. స్టేజీ వెనక రెండు గుడారాలు. ఒకటి వాయిద్యాలకు, ఒకటి పనివాళ్ళ చాయ్‌కి. వ్యాన్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో రయీస్ తలవంచుకుని కూర్చుని ఉన్నాడు. భార్యను చూసి తల ఇంకా దించుకున్నాడు.

ముఖీత్ ఎదురొచ్చాడు. కచేరీ ఏర్పాట్లన్నీ అతని చేతి మీద జరుగుతున్నాయి. మెడలో కార్డు, చెవికి హెడ్‌సెట్, చేతిలో వాకీటాకీ. టోలీచౌకి మనిషి.

"మేడం, మీ పేరు విన్నాను. కానీ టైం లేదు. గేట్లు తెరిచే ముందు నాకు ఢోలక్ అన్నా కావాలి, దొంగ అన్నా కావాలి."

"రెండూ ఒక్క చోట దొరకాలని ఏం లేదు," అంది రెహానా. "ఎప్పుడు పోయింది?"

"అస్ర్ టైంలో. అంతకుముందే సౌండ్ చెక్ అయింది. రయీస్ గుడారం వదిలి వ్యాన్ వెనక నమాజుకు వెళ్ళాడు. వచ్చేసరికి ఢోలక్ లేదని తనే అరిచాడు. తీసినవాడే ముందు అరుస్తాడు, అది పాత నాటకం."

"సౌండ్ చెక్ ఎట్ల జరిగింది?"

"చెత్తగా! గిటార్లు ఓకే. ఆ ఢోలక్ ఒక్కటే దబ్బు దబ్బుమని అట్టపెట్టె చప్పుడు. నాకు పిచ్చెక్కి మైకులోనే అరిచాను, ఈ ఢోలక్ సంగతి ఎవరన్నా చూడండిరా అని. ఆ ముసలావిడ ముఖం చిన్నబుచ్చుకుంది."

తిరుమల్ ఆశగా చాయ్ గుడారం వైపు చూశాడు. ముఖీత్ నిట్టూర్చాడు. "చాయ్ కావాలంటే ఎలక్ట్రిక్ కెటిల్ చాయే. ఈ గ్రౌండ్‌లో అగ్గిపుల్ల కూడా గీయకూడదు. స్టవ్వు మాఫీ, సిగరెట్టు మాఫీ, ఏదీ ఉండకూడదు. ఒక్క నిప్పురవ్వ కనబడినా పర్మిషన్ రద్దు చేస్తామన్నారు."

వాయిద్యాల గుడారంలో ఇరం, ఆమె నానమ్మ సుర్రయ్యా బేగం కూర్చుని ఉన్నారు. ఇరం ఈ రాత్రి ఆఖరున పాడాల్సిన గాయని. హైదరాబాద్ పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు ఢోలక్ చుట్టూ చేరి, మగపెళ్ళివారిని ఆటపట్టిస్తూ పాడే పాటలున్నాయి. ఆ పాటలకే ఆమె గిటార్లు తగిలించి రాక్ చేసింది. దోహా కుర్రకారు ఆ పాటలకు ఎగురుతుంటే, చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన పిల్ల కచేరీలో ఢోలక్ వాయించడానికి డెబ్బై దాటిన సుర్రయ్యా బేగం వేదిక ఎక్కుతోంది.

"నా పెళ్ళికి మోగిందమ్మా అది," అంది ముసలావిడ. "నా బిడ్డల పెళ్ళిళ్ళకు మోగింది. అల్ అజీజియాల కొడుకింటికి వచ్చేటప్పుడు బట్టలు వదిలేసిన గానీ దాన్ని వదల్లే. ఒడిల పెట్టుకొని విమానమెక్కిన."

"ఎట్లుంటది? లోపల ఏమన్నా ఉంటదా?"

"కుడి దిక్కు తోలు పల్చగ, ఎడమ దిక్కు తోలు మందం. ఎడమ దిక్కు లోపల మసాలా పూస్తరు. నల్లగ, బంకగ ఉంటది. ఆ గుమ్మనే చప్పుడు దాంట్లకెంచే వస్తది."

రెహానా బల్ల వైపు తిరిగింది. బల్ల మీద ఆకుపచ్చ మఖ్మల్ సంచి ఉంది. మూతికి నాడా, భుజానికి తగిలించుకునే పట్టీ ఉన్నాయి. నీట్‌గా నాలుగు మడతలు పెట్టి ఉంది.

"ఇది ఢోలక్ సంచేనా?"

"హౌ. నేనే కుట్టిన."

"మడత పెట్టింది మీరేనా?"

సుర్రయ్యా బేగం ఇరం వైపు చూసింది. ఇరం తల అడ్డంగా ఊపింది. "మేం ఢోలక్‌ను సంచిలో పెట్టే బల్ల మీద ఉంచాం ఆంటీ."

రెహానా సంచిని వేళ్ళతో తాకి, అక్కడే వదిలేసింది. తిరుమల్ కళ్ళు మెరిశాయి. మేడంకు ఏదో దొరికింది. ఏం దొరికిందో అతనికి తెలియలేదు, అది మామూలే.

తరువాత తల్హా వంతు. ఇంకో బ్యాండు నాయకుడు. భుజాల దాకా జుట్టు, నల్ల బనియను, దాని మీద పుర్రె బొమ్మ. చూడ్డానికి నేరస్థుడిలానే ఉన్నాడని తిరుమల్ మనసులో తీర్పు ఇచ్చేశాడు.

"ఢోలక్ మీద నీకు కోపమట కదా?" అడిగింది రెహానా.

"కోపం ఏం లేదు ఆంటీ. రాక్‌లో పెళ్ళి వాయిద్యం ఎందుకని ఇరంతో ఆర్గ్యూ చేశాను, అంతే. అది పోయిందన్నప్పటి నుంచీ స్పీకర్ల వెనకంతా నేనే వెతుకుతున్నా. చూడండి." మోకాళ్ళ దాకా దుమ్ము. పుర్రె బొమ్మ మీద సాలెగూడు అతుక్కుని ఉంది. "దాదీ ఏడుస్తుంటే నాకు మంచిగ లేదు."

తిరుమల్ తీర్పును వెనక్కి తీసుకున్నాడు.

గేటు దగ్గర కాపలాదారు నేపాలీ. హిందీలో గడగడా చెప్పాడు. బయటికి పోయే ప్రతి పెట్టే తెరిపించాననీ, గిటార్ పెట్టెలు కూడా వదల్లేదనీ ప్రమాణం చేశాడు.

"తెరిపించనివి ఏమీ లేవా?"

"అన్నం, రొట్టె తెచ్చే అట్టపెట్టెలు తప్ప ఏమీ లేవు దీదీ. తిండి డబ్బాను అనుమానిస్తామా? ఇందాక చాయ్‌కి రొట్టెలు తెచ్చిన అన్న కోసం గేటు కూడా నేనే తీశాను. పాపం, రెండు చేతులూ పెట్టె అడుగున పెట్టుకుని వచ్చాడు."

రెహానా నవ్వింది. తిరుమల్‌కు నవ్వొచ్చే విషయం ఏమీ కనబడలేదు.

చాయ్ గుడారంలో ఆ పెట్టె ఇంకా ఉంది. రొట్టెలు అయిపోయాయి. అడుగున పరిచిన కాగితం మీద నువ్వులు, పొడి పిండి, ఒక మూల నల్లటి మరక. రెహానా ఆ కాగితం ఎత్తి తిరుమల్ ముక్కు దగ్గర పెట్టింది.

"తారు వాసన మేడం! రోడ్డు మీద పెట్టినట్టుండ్రు."

"రోడ్డు మీద పెడితే మరక పెట్టె బయట అంటాలె గదా," అంది ఆమె. "రొట్టెలు ఎవరు తెచ్చిండ్రు?"

"నేనే మేడం," అన్నారెవరో.

స్టేజీ కట్టిన పరంజా కూలీల్లో ఒకడు. జగిత్యాల జిల్లా జలంధర్. ముప్పై ఏళ్ళుంటాయి. హెల్మెట్ తీయకుండానే లేచి నిలబడ్డాడు. అప్పటిదాకా అతను కూర్చున్న చోట ఒక ఇనుప గొట్టం అడ్డంగా ఉంది. దాని మీద ఒక పొట్టి కర్రముక్క, ఒక సన్నటి పుల్ల ఉన్నాయి. తాము వచ్చేటప్పుడు టకటకమని ఏదో దరువు వినిపించింది కదా అని తిరుమల్‌కు గుర్తొచ్చింది.

"ఢోలక్ ఇందాక నువ్వు కూడా విన్నవా?"

"ఇన్న మేడం. మైదానమంతా ఇనబడ్డది గద." జలంధర్ నేలను చూస్తూ చెప్పాడు. "అది సల్లవడ్డది. గంతే. అది చెడిపోలే. ఉత్తగ సల్లవడ్డది."

"మీ ఊర్ల ఏం వాయిస్తవు నువ్వు?"

"డప్పు మేడం. మా నాయినది."

రెహానా రోడ్డు దాటి రొట్టెల దుకాణంలోకి వెళ్ళి, కాసేపటికి కాగితంలో చుట్టిన వేడి రొట్టెతో తిరిగొచ్చింది. అది తిరుమల్ చేతిలో పెట్టి, "అందరినీ వాయిద్యాల గుడారంలోకి పిలువు. ఫర్హాను కూడా. రయీస్‌ను కుర్చీలకెంచి లేపు," అంది. దొంగ ఎవరో తెలియకుండా ఆ రొట్టె గొంతు దిగదని తిరుమల్ అనుకున్నాడు. కానీ దిగింది.

మగ్రిబ్‌కు ఇంకా కొంచెం వెలుగుంది. గుడారంలో అందరూ నిలబడ్డారు. సుర్రయ్యా బేగం ఒక్కతే కూర్చుంది. పనివాళ్ళు గుమ్మం దగ్గర గుంపుగా ఉన్నారు. ముఖీత్ చేతిలో ఫోన్ సిద్ధంగా పట్టుకున్నాడు. ఫర్హా భర్త జబ్బను రెండు చేతులా పట్టుకుని, వదిలితే ఎవరో లాక్కుపోతారన్నట్టు నిలబడింది.

"ముందు ఒక మాట," అంది రెహానా. "ఇక్కడ దొంగతనం జరగలేదు."

ముఖీత్ ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తింది.

"ఈ సంచి చూడండి. ఢోలక్‌ను ఎత్తుకుపోయే మనిషికి ఇంతకంటే మంచి వసతి ఏముంటది? భుజానికి తగిలించుకొని నడవొచ్చు, పైకి కనబడదు. కానీ ఆ మనిషి ఢోలక్‌ను బయటికి తీసి, సంచిని నాలుగు మడతలు పెట్టి, తీసిన చోటనే ఉంచిండు. దొంగ అట్ల మడత పెడతడా? మళ్ళా తెచ్చి అందులనే పెట్టాలనుకున్నోడే పెడతడు."

సుర్రయ్యా బేగం సంచిని ఒడిలోకి తీసుకుంది.

"రెండోది. ఢోలక్ బయటికి పోయింది, మళ్ళా లోపలికొచ్చింది. గేటు దగ్గర వాయిద్యాల పెట్టెలన్నీ ఆపుతున్నరు, తెరిపించనిది రొట్టెల పెట్టె ఒక్కటే, అందుకే ఆ మనిషి దాంట్లనే పెట్టుకొని పోయిండు. రొట్టెలు దూది లెక్క ఉంటయి, ఒంటి చేత్తో పట్టుకోవచ్చు. ఇయ్యాల మాత్రం పెట్టె అడుగున రెండు చేతులు పెట్టి మోసుకొచ్చిండ్రు. దాంట్ల రొట్టెల కంటే బరువైనది ఉన్నది. అడుగున నల్లటి మరక కూడా ఉన్నది, తారు వాసనతో. దాదీమా, మీ ఢోలక్ మసాలాలో ఏం కలుపుతరు?"

"తారు, ఇసుక, నూనె..." అని ముసలావిడ ఆగిపోయింది. "అల్లా! కరిగిందా?"

"కరిగింది. ఎందుకు కరిగింది అన్నదే అసలు సంగతి. రాత్రి వాన, పొద్దున మంచు. తోలు తేమ పీల్చి మెత్తబడ్డది, అందుకే చప్పుడు పోయింది. ముఖీత్ సాబ్ దాన్ని అట్టపెట్టె అన్నడు. జలంధర్ మాత్రం సల్లవడ్డది అన్నడు. డప్పు వాయించేవాళ్ళకు అదొక పెద్ద రోగం కాదు. మంట దగ్గర కాస్త కాపితే తోలు బిగిసి ఖంగుమంటది. ఊర్ల ప్రతి డప్పుకూ చేసే పనే అది. ఈ మైదానంల నిప్పు లేదు. రోడ్డు అవతల తందూరు ఉన్నది. ఒక మనిషి అస్ర్ తరువాత ఒక డోలు తెచ్చి, కాస్త బట్టీ మూతి మీద పట్టుకోనియ్యమని బతిమాలిండని ఆ దుకాణం ఆయన ఇప్పుడే నాతో చెప్పిండు. పాపం అతనికి తెలువని సంగతి ఒక్కటే. డప్పు లోపల ఏమీ ఉండదు. ఢోలక్ లోపల మసాలా ఉంటది."

స్టేజీ మీద ఎవరో తెలియక ఒక తీగ మీటారు. అది మైదానమంతా మోగి ఆగిపోయింది.

"తిరిగొచ్చేసరికి ఇక్కడ గోల. దొంగ, పోలీసులు అన్న మాటలు. అతను ఢోలక్‌ను దాచి, రొట్టెలు పంచి, మూగవాడై కూసున్నడు. అతని పేరు నేను చెప్పొచ్చు. కానీ తన నోటితో చెప్తే తనకే మంచిది."

గుమ్మం దగ్గర జలంధర్ హెల్మెట్ తీశాడు. "నేనే మేడం," అన్నాడు. తరువాత రెహానాను కాదు, రయీస్‌ను చూశాడు. "అన్నా, నిన్ను కూసోబెట్టినప్పుడే చెప్దామనుకున్న. నోరు రాలే. పోలీసనంగనే భయమైంది. మా ఇంటికాడ అవ్వ బాలవ్వ ఒక్కతే ఉన్నది, నన్ను ఇంటికి పంపిస్తే ఏం చెప్పాలె దానికి? నీకు బిడ్డ ఉన్నదని తెలిసి కూడా మూసుకొని కూసున్న. తప్పు నాదే."

"ఎక్కడుంది?" ముఖీత్ అరిచాడు.

"స్టేజీ కింద సార్. పలకల సందుల. బట్టల చుట్టి పెట్టిన."

"నీ కంపెనీకి ఇప్పుడే ఫోన్ చేస్తా. నిన్ను ఎవరు ముట్టుకోమన్నారు దాన్ని?"

"మీరే సార్," అన్నాడు జలంధర్.

ముఖీత్ చేతిలోని ఫోన్ కిందికి దిగింది.

"ఈ ఢోలక్ సంగతి ఎవరన్నా సూడుర్రి అని మైకుల అన్నరు గద సార్. సైటు మీద సూపర్వైజర్ ఎవరన్నా సూడుర్రి అంటే, ఎవరో ఒకరు సూడాలె. సూడకపోతే తిట్లు. అందరూ పైకెక్కి ఉన్నరు, నేను కింద ఉన్న. నాకు తెలిసిన పనే అనుకున్న."

తల్హా ఫక్కున నవ్వి, నోరు మూసుకున్నాడు. గుమ్మంలోని పనివాళ్ళలో కూడా నవ్వు పాకింది. రెహానా మాత్రం నవ్వలేదు. "ముఖీత్ సాబ్, ఆ ఫోన్ జేబుల పెట్టుకోండి. మీ హుకుం విన్నది ఒక్క మనిషే. అతన్నే శిక్షిస్తే రేపటి నుంచి ఎవరూ మీ మాట వినరు. అంతకంటే ముందు మీరు చెయ్యాల్సిన పని ఒకటి ఉన్నది."

ఏ పనో ముఖీత్‌కు తెలుసు. హెడ్‌సెట్ తీసి చేతిలో పట్టుకుని రయీస్ ముందుకు వెళ్ళాడు. "రయీస్ భాయ్, తప్పయింది. అందరి ముందూ అన్నాను, అందరి ముందే మాఫ్ అడుగుతున్నా."

రయీస్ తల ఊపాడు. ఫర్హా మాత్రం అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా ఒక్కసారి ఏడ్చేసింది. గుండెల మీది బండ దిగినప్పుడు వచ్చే ఏడుపు అది, ఎవరూ ఆపమనలేదు.

తిరుమల్ వెళ్ళి స్టేజీ కింద నుంచి ఢోలక్ తెచ్చాడు. సుర్రయ్యా బేగం దాన్ని ఒడిలో పెట్టుకుని ఎడమ చేత్తో ఒక్కటి వేసింది. డొప్ప చప్పుడు. జలంధర్ రెండు చేతులూ జోడించాడు.

"ఎందుకు దండం పెడతవు బేటా? చచ్చిపోలే అది," అంది ముసలావిడ. "మసాలా ఇదివరకు రెండుసార్లు రాలింది. హైదరాబాద్ పంపి పూయిస్తే మళ్ళా మోగుతది. నా వస్తువు ఇది. నేను దొంగ అన్ననా ఎవర్నన్నా? నన్ను అడగకుండా అంత మంది అరిచిండ్రు." ముఖీత్ తల వంచుకున్నాడు. ఆమె ఢోలక్‌ను సంచిలో పెట్టి, నాడా బిగించి, జలంధర్ వైపు వేలు చూపింది. "కానీ నిన్ను ఉత్తగ వదలను. నా ఢోలక్ నోరు మూసినవు. ఇయ్యాల నా మనవరాలి పాటకు చప్పుడు ఎవరిస్తరు? నీ డప్పు ఎక్కడున్నది?"

"క్యాంపుల ఉన్నదమ్మా. మంచం కింద." అతనికి మాట అర్థమై, నమ్మకం కలగక, ఇరం వైపు చూశాడు.

ఇరం అప్పటికే తల్హాతో ఏదో లెక్క వేస్తోంది. "మా పాట ఆఖర్న కదా. నాలుగు బ్యాండ్లు ముందున్నాయి. మీ క్యాంపు బస్సు బయలుదేరిందా అన్నా?"

జలంధర్ ఫోన్ చేశాడు. అవతల నర్సింలు అనే దోస్తు ఎత్తాడు. డప్పు ఎందుకురా అని వాడు నాలుగు ప్రశ్నలు వేశాడు, జవాబు ఒక్కటే చెప్పి జలంధర్ పెట్టేశాడు. ఇందాక ఇనుప గొట్టం మీద అతను వాయించిన దరువు ఎలాంటిదో ఇరం చేతులతో చరిచి చూపించమంది. అతను మోకాలి మీద చరిచాడు. తల్హా తల ఆడించడం మొదలుపెట్టి, పెళ్ళి వాయిద్యాల మీద తన అభిప్రాయాన్ని ఎవరికీ చెప్పకుండా మార్చుకున్నాడు.

ఇంతలో మగ్రిబ్ అజాన్ వినిపించింది. మైదానంలో స్పీకర్లన్నీ ఆగిపోయాయి. మాటలూ ఆగిపోయాయి. రయీస్ నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకు వెళ్ళాడు. ఈసారి వాయిద్యాల దగ్గర ముఖీత్ తనే కాపలా కూర్చున్నాడు.

గేట్లు తెరిచారు. జనం ఇసుకేస్తే రాలనట్టు నిండారు. క్యాంపు బస్సులు వచ్చాయి. మొదటి బస్సు లోంచి నర్సింలు డప్పును చంకన పెట్టుకుని దిగాడు. దానికి చుట్టిన దుప్పటి విప్పి, జలంధర్ వేలితో కొట్టి చూసి ముఖం చిట్లించాడు.

"సల్లవడ్డదా?" అంది రెహానా.

"అవును మేడం."

తందూరు రోడ్డు అవతలే ఉంది. కానీ గేటు ముందు జనంలో డప్పుతో దాటడం మాటలు కాదు. జలంధర్ ఎవరినీ అడగలేక నిలబడ్డాడు. అప్పుడు వ్యాన్ తాళం గలగలలాడింది.

"ఎక్కు," అన్నాడు రయీస్. "వెనక గేటు నుంచి తిప్పుకొని పోదాం."

జలంధర్ కదల్లేదు. "అన్నా, నువ్వు..."

"నేను మస్తు సేపు కూసున్న ఇయ్యాల. ఇంక నడుపుత," అన్నాడు రయీస్. అని నవ్వాడు. ఇందాకటి నుంచీ అతని ముఖంలో నవ్వు చూడని ఫర్హా గుడారం తాడు పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది.

వ్యాన్ వెళ్ళింది. మూడో బ్యాండు వాయిస్తుండగా తిరిగొచ్చింది. తిరుమల్ వెనక గేటు దగ్గర నిలబడి చూశాడు. చల్లటి సాయంత్రం, గాలి హాయిగా వీస్తోంది, దారిన పోయే బండ్లన్నీ అద్దాలు దించుకుని పోతున్నాయి. రయీస్ మాత్రం వ్యాన్ అద్దాలన్నీ పూర్తిగా ఎక్కించి, లోపల చెమటలు కక్కుతూ నడుపుకొస్తున్నాడు. పక్క సీట్లో జలంధర్ డప్పును దుప్పటిలో చుట్టి పొదువుకుని ఉన్నాడు. అది చల్లారకూడదు.